బోర్డులను కాల్చేస్తున్న పాత బెంచ్ పవర్ సప్లై: లోపాల గుర్తింపు, మరమ్మతు, ఒక సవరణ

హైదరాబాదు శివారులోని ఒక ఇంజినీరింగ్ కళాశాల నుంచి మా వర్క్‌షాపుకు వచ్చిన ఈ బెంచ్ పవర్ సప్లై (ల్యాబ్ బల్ల మీద కావలసిన డీసీ వోల్టేజి ఇచ్చే యంత్రం) లీనియర్ రకానిది, అంటే ఎక్కువైన వోల్టేజిని ట్రాన్సిస్టర్లలో వేడిగా పోగొట్టి అవుట్‌పుట్‌ను నిలిపేది. 0 నుంచి 30 వోల్టుల వరకు, గరిష్ఠంగా 2 ఆంపియర్ల వరకు ఇచ్చేలా దీన్ని కట్టారు. తయారీదారు పేరున్న రేకు చదవరానంతగా అరిగిపోయింది కానీ, లోపలి 741 ఐసీ (రెండు వోల్టేజిల తేడాను చూసి నడిపే ఆప్ ఆంప్) మీద 8931 అన్న సంకేతం స్పష్టంగా ఉంది. అంటే ఆ ఐసీ 1989వ సంవత్సరం 31వ వారంలో తయారైందన్నమాట. మూడు దశాబ్దాలు దాటిన ఇలాంటి సప్లైలు మన కళాశాలల్లోనూ, పాలిటెక్నిక్‌లలోనూ ఇంకా చాలానే పనిచేస్తున్నాయి. వాటి ట్రాన్స్‌ఫార్మర్లు గట్టివి, లోపలి భాగాలన్నీ ఇప్పటికీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికేవే. అందుకే వీటిని పారేయడం కంటే బాగుచేయడమే సరైన పని అని నా అభిప్రాయం.

సప్లైని తెచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ చెప్పిన ఫిర్యాదు ఇది: "సార్, మోటార్ ల్యాబోళ్లేమో వోల్టేజి పడిపోతుందంటున్నరు, డిజిటల్ ల్యాబోళ్లేమో దీని మీద పెడితే బోర్డులు కాలిపోతున్నయంటున్నరు. నేను చూస్తే మీటరు మంచిగనే చూపిస్తుంది." ఒకే యంత్రం మీద రెండు ఫిర్యాదులు, అవీ ఒకదానికొకటి ఎదురైనవి. ఒకచోట వోల్టేజి చాలడం లేదు, మరోచోట ఎక్కువవుతోంది. మొదటిది ఎవరైనా లోడు పెట్టి చూడగలిగిన లోపం. రెండోది ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు మీటరు మీద కనిపించదు, నష్టం మాత్రం చేసి పోతుంది. డిజిటల్ బోర్డుల్లో వాడే 7400 శ్రేణి టీటీఎల్ లాజిక్ ఐసీల సప్లై వోల్టేజికి గరిష్ఠ పరిమితి 7 వోల్టులు. 5 వోల్టులకు పెట్టిన సప్లై క్షణకాలం ఆ హద్దు దాటినా బోర్డు పోతుంది. కాబట్టి రెండో ఫిర్యాదునే అసలు సమస్యగా తీసుకున్నాను. సప్లై మూగబోతే ప్రయోగం ఆగుతుంది, అంతే. హద్దు మీరి వోల్టేజి ఇచ్చే సప్లై తనకు తగిలించిన ప్రతి వస్తువునూ ప్రమాదంలో పెడుతుంది.

సర్క్యూటు తీరు

దీని పటం దొరకలేదు. పీసీబీ వెనుక రాగి దారులను చూసి గీసుకోవలసి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రధాన సెకండరీ 30 వోల్టులు; బ్రిడ్జి రెక్టిఫయర్, 4700 మైక్రోఫారడ్ల ఫిల్టర్ కెపాసిటర్ దాటాక లోడు లేనప్పుడు సుమారు 41 వోల్టుల డీసీ వస్తుంది. అక్కడి నుంచి పక్కపక్కన కలిపిన రెండు 2ఎన్3055 పాస్ ట్రాన్సిస్టర్లు (లోడు కరెంటును తమ గుండా పోనిస్తూ అదుపు చేసేవి), వాటి ఎమిటర్లలో చెరొక 0.22 ఓముల రెసిస్టర్, వాటిని నడిపే ఒక బీడీ139 ఉన్నాయి. కంట్రోలు భాగానికి విడిగా ఒక చిన్న సెకండరీ ఉంది. అది ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు ఇస్తుంది. వోల్టేజికి ఒక 741, కరెంటు హద్దుకు మరొక 741 పనిచేస్తాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. కంట్రోలు భాగానికి కామన్ (వోల్టేజిలను కొలిచే సున్నా బిందువు) అనేది సప్లై మైనస్ టెర్మినల్ కాదు, ప్లస్ టెర్మినల్. పాస్ ట్రాన్సిస్టర్ల బేసును అవుట్‌పుట్ కంటే రెండు వోల్టులు పైన ఉంచితే చాలు కాబట్టి, 12 వోల్టుల మీద నడిచే 741తోనే 30 వోల్టుల అవుట్‌పుట్‌ను అదుపు చేయడానికి ఈ పద్ధతి వీలిస్తుంది. దీన్ని గమనించకుండా మల్టీమీటరు నల్ల ప్రోబును మైనస్ టెర్మినల్‌కు పెట్టి కొలిస్తే 741 కాళ్ల మీద వచ్చే అంకెలన్నీ అర్థం లేనివిగా కనిపిస్తాయి, బాగున్న ఐసీని పీకి పారేసే అవకాశం ఉంటుంది. స్కోపు (ఆసిలోస్కోపు) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. స్కోపు గ్రౌండు క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. సప్లై ముందు ప్యానెల్ మీద మైనస్‌ను ఎర్త్‌కు కలిపే పట్టీ ఉంటే, క్లిప్పును ప్లస్‌కు పెట్టగానే అవుట్‌పుట్ షార్టవుతుంది. అందుకే ఆ పట్టీని ముందుగానే తీసి పక్కన పెట్టాను.

వోల్టేజి నిర్ణయమయ్యే తీరు ఇలా ఉంది. 6.2 వోల్టుల స్థిరమైన రిఫరెన్సు ఇచ్చే జీనర్ డయోడు నుంచి సుమారు 1.03 కిలో ఓముల గుండా సమ్మింగ్ పాయింటుకు, అంటే వోల్టేజి 741 ఇన్‌పుట్ దగ్గర దారులు కలిసే చోటికి, 6 మిల్లీ ఆంపియర్ల స్థిరమైన కరెంటు వస్తుంది. అదే కరెంటు ముందు ప్యానెల్ మీది 5 కిలో ఓముల పది చుట్ల పాట్ (తిప్పితే నిరోధం మారే పొటెన్షియోమీటర్) గుండా మైనస్ టెర్మినల్‌కు పోతుంది. పాట్ మీద ఎంత వోల్టేజి నిలిస్తే అంతే అవుట్‌పుట్. 6 మిల్లీ ఆంపియర్లు, 5 కిలో ఓములు కలిస్తే 30 వోల్టులు. లెక్క సరళంగా ఉంది, సున్నా నుంచి సరళరేఖలా పెరుగుతుంది. ఇబ్బంది అంతా పాట్ తెగినప్పుడే. పాట్ దారి తెగిన క్షణంలో 741 దాన్ని అనంతమైన నిరోధంగా భావించి, పాస్ ట్రాన్సిస్టర్లను పూర్తిగా తెరుస్తుంది. అవుట్‌పుట్ 30 దగ్గర కూడా ఆగదు, ఫిల్టర్ కెపాసిటర్ మీద ఉన్న 41 దాకా పోతుంది. పేరున్న పాత విదేశీ ల్యాబ్ సప్లైలలోనూ ఇదే తరహా అమరిక ఉండేది. వాటి మాన్యువళ్లలో, బయటి నుంచి రెసిస్టర్లు మార్చి వోల్టేజి ఎంచుకునేటప్పుడు దారి క్షణమైనా తెగకూడదని హెచ్చరించేవారు. ఇక్కడ పాట్‌ను ఒక కొన, వైపరు (తిప్పినప్పుడు జరిగే కాంటాక్టు) అనే రెండు కాళ్లతోనే వాడారు, మూడో కాలు ఊరికే వదిలేశారు. పటం గీయడం పూర్తయ్యేసరికే నా అనుమానం పాట్ మీదికి పోయింది. కానీ అనుమానం మీద భాగాలు మార్చడం మరమ్మతు అనిపించుకోదు కనుక కొలతలకు దిగాను.

కరెంటు ఇవ్వక ముందు

ఫ్యూజు హోల్డరులో ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టి ఉంది. రెండు పిన్నుల ప్లగ్గు పెట్టడంతో ఇనుప పెట్టెకు ఎర్త్ లేదు. ఈ రెండింటినీ ముందే సరిచేశాను. మూడు పిన్నుల ప్లగ్గు, పెట్టెకు స్క్రూతో బిగించిన ఎర్త్ తీగ, 1 ఆంపియరు స్లో బ్లో ఫ్యూజు పెట్టిన తరువాతే సీరీస్ ల్యాంప్ బోర్డు (ఒక బల్బు గుండా కరెంటు ఇచ్చే బోర్డు) మీద మొదటిసారి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి షార్టు కాలేదు.

లోడు కింద కనిపించినవి

లోడు లేకుండా సప్లై నిర్దోషిగా కనిపించింది. 5, 12, 24, 30 వోల్టుల వద్ద ఎక్కడా తేడా లేదు, టెక్నీషియన్ చూసినది ఇదే స్థితి. ల్యాబ్ రియోస్టాట్‌ను 16 ఓములకు పెట్టి 24 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్లు తీయగానే ప్యానెల్ మీటరు 23 దగ్గరికి జారింది. స్కోపులో చూస్తే 24 వద్ద చదునుగా ఉండి, ప్రతి 10 మిల్లీ సెకన్లకు ఒకసారి 20 వోల్టుల దాకా దిగే గాడి కనిపించింది. 50 హెర్ట్జ్ సప్లైని రెండు వైపులా రెక్టిఫై చేస్తే వచ్చేది 100 హెర్ట్జ్ రిపుల్ (డీసీ మీద మిగిలే హెచ్చుతగ్గులు). 10 మిల్లీ సెకన్ల గాడి అంటే రెగ్యులేటరుది కాదు, దాని వెనుక ఉన్న ఫిల్టరుదే లోపం. కెపాసిటర్‌ను విప్పి కొలిస్తే 4700కు బదులు 880 మైక్రోఫారడ్లు, లోపలి శ్రేణి నిరోధం ఒక ఓముకు పైగా వచ్చింది.

లెక్క చూస్తే ఇది ఎంత తేడా చేస్తుందో అర్థమవుతుంది. ప్రతి 10 మిల్లీ సెకన్లలో సుమారు 8 మిల్లీ సెకన్లు లోడును కెపాసిటరే మోయాలి. 1.5 ఆంపియర్లను అంతసేపు 4700 మైక్రోఫారడ్లతో మోస్తే 2.5 వోల్టులు దిగుతుంది; 880తో మోస్తే 13 వోల్టులకు పైగా దిగుతుంది. లోడు కింద కెపాసిటర్ మీద నిలిచే గరిష్ఠం 38; అందులోంచి 13 పోతే 25కు దిగువన మిగులుతుంది, అందులో రెగ్యులేటరు తన పనికి రెండు వోల్టులకు పైగా తీసుకుంటుంది. కనుక 24 నిలవదు. అదే 5 వోల్టుల వద్ద ఎంత లోతుగా దిగినా రెగ్యులేటరుకు కావలసినంత వోల్టేజి మిగిలే ఉంటుంది, అవుట్‌పుట్ మచ్చ లేకుండా వస్తుంది. డిజిటల్ ల్యాబులో ఈ లోపం ఎన్నేళ్లున్నా కనపడకపోవడానికి, మోటార్ ల్యాబులో మొదటి రోజే బయటపడడానికి కారణం ఇదే. సప్లైని ఒకే ఒక్క వోల్టేజి వద్ద పరీక్షించి బాగుందని చెప్పకూడదని ఇందువల్లే నేను పట్టుబడతాను.

కెపాసిటర్ ఇంతగా ఎండిపోవడానికి కారణం దాని చోటే. హీట్‌సింకుకు వేలెడంత దూరంలో, 85 డిగ్రీల రకం కెపాసిటర్‌ను నిలబెట్టారు. ఈ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు మార్చే రిలే లేదు. అందువల్ల 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు తీసినప్పుడు మిగతా సుమారు 30 వోల్టులూ పాస్ ట్రాన్సిస్టర్ల మీదే పడి 60 వాట్ల వేడి పుడుతుంది. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మన మే నెల ఎండల్లో ఫ్యాను కింద ఉన్న ల్యాబులో కూడా గది వేడే 40 డిగ్రీలకు చేరుతుంది, దాని మీద ఈ 60 వాట్లు.

ఆ వేడిని కొలుస్తున్నప్పుడే ఎవరూ ఫిర్యాదు చేయని మూడో లోపం దొరికింది. 2ఎన్3055 ఒళ్లే దాని కలెక్టరు కాబట్టి, 40 వోల్టుల దాకా ఉండే ఆ లోహాన్ని వేలితో తాకి చూసే అలవాటు మంచిది కాదు. థర్మోకపుల్‌తో చూస్తే ఒక ట్రాన్సిస్టర్ 96 డిగ్రీలు, పక్కది 61 డిగ్రీలు ఉన్నాయి. 0.22 ఓముల ఎమిటర్ రెసిస్టర్లలో ఒకదాని మీద 0.44 వోల్టులు వచ్చింది. అంటే 2 ఆంపియర్లూ ఒక్కదాని గుండానే పోతున్నాయి. రెండో దాని ఎమిటర్ తీగ పీసీబీ దగ్గర సోల్డరు చుట్టూ వెంట్రుకంత పగులు ఇచ్చి, పైకి అతికినట్లే ఉంటూ విడిపోయి ఉంది. 2ఎన్3055లో జంక్షన్ నుంచి కేసుకు ప్రతి వాటుకు 1.52 డిగ్రీల తేడా ఉంటుంది. 60 వాట్లకు అది 91 డిగ్రీలు; 96తో కలిపితే జంక్షన్ 187 డిగ్రీల వద్ద ఉన్నట్లు. గరిష్ఠ పరిమితి 200. ఆ ట్రాన్సిస్టర్ షార్టయి ఉంటే అవుట్‌పుట్ శాశ్వతంగా 41 వోల్టుల వద్ద నిలిచిపోయేది. ఇంతవరకు అది తట్టుకోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

బోర్డులు కాలడానికి కారణం

ఈ రెండు లోపాలూ వోల్టేజి పెరగడాన్ని వివరించవు. పాట్‌ను సర్క్యూటు నుంచి విడదీసి, ముల్లు ఉన్న పాత అనలాగ్ మల్టీమీటరుతో నెమ్మదిగా తిప్పుతూ చూశాను. ఇలాంటి పనికి డిజిటల్ మీటరు కంటే ముల్లే మేలు; డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లు చదివి మధ్యలో జరిగినది వదిలేస్తుంది. ముల్లు తిరుగుడు మొదట్లో, సరిగ్గా 5 వోల్టులు వచ్చే చోటి చుట్టుపక్కల, పదే పదే ఉలిక్కిపడి అనంతం వైపు పోయింది. ఏళ్ల తరబడి 5 వోల్టులకే పెట్టి ఉంచినందున వైపరు ఒకేచోట ఆ తీగచుట్టును అరగదీసింది. అంతకు ముందు ఎవరో కాంటాక్ట్ క్లీనర్ కొట్టిన జాడ కూడా ఉంది. స్ప్రే మురికిని తీస్తుంది, అరిగిన తీగను తిరిగి పెంచదు. కొన్ని వారాలు బాగున్నట్టు కనిపించి, ఆ తరువాత మళ్లీ బోర్డులు కాలడానికి అదే కారణం.

పాట్‌ను తిరిగి కలిపి, అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు పెట్టి, స్కోపును 8 వోల్టులు దాటితే ఒక్కసారి పట్టుకునేలా ట్రిగ్గరు చేసి, ప్యానెల్‌ను పెన్సిల్‌తో మెల్లగా తట్టాను. తెర మీద నిలిచిన బొమ్మ మొత్తం కథ చెప్పింది. అవుట్‌పుట్ 10 మిల్లీ సెకన్లలోపే 5 నుంచి 41కి ఎగబాకింది, తిరిగి 5కు దిగిరావడానికి అర సెకనుకు పైగా పట్టింది. ఎగబాకిన వేగం ఊహించదగినదే. అవుట్‌పుట్‌లోని 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 2 ఆంపియర్లతో 36 వోల్టులు నింపడానికి ఎనిమిదిన్నర మిల్లీ సెకన్లు చాలు. దిగేటప్పుడు మాత్రం దాన్ని ఖాళీ చేసేది పాట్, బ్లీడరు రెసిస్టర్లే (అవుట్‌పుట్ కెపాసిటర్‌ను మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్లు). అంత తక్కువసేపు ప్యానెల్ మీటరు ముల్లు చిన్నగా కదిలి ఊరుకుంటుంది, పక్కకు చూస్తున్న విద్యార్థికి అదీ కనపడదు. ఇదే పరీక్షను కరెంటు నాబును 0.2 ఆంపియర్లకు తగ్గించి చేస్తే ఎగబాకడానికి దాదాపు పది రెట్లు సమయం పట్టింది, చాలాసార్లు వైపరు మళ్లీ అంటుకునేసరికి 8 వోల్టులు కూడా దాటలేదు. చిన్న బోర్డును పరీక్షించేటప్పుడు కరెంటు నాబును పూర్తిగా తిప్పి వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఏమి మార్చాను, ఏమి మార్చలేదు

ఫిల్టర్ కెపాసిటర్‌ను 4700 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు, 105 డిగ్రీల రకంతో మార్చి, హీట్‌సింకుకు దూరంగా పెట్టె రెండో పక్కకు జరిపాను. 10,000 మైక్రోఫారడ్లు పెడితే రిపుల్ ఇంకా తగ్గుతుందని కొందరు అంటారు. కానీ అలా చేస్తే ప్రతి అర చక్రంలో నింపుడు కరెంటు శిఖరాలు పెరిగి పాత ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి ఎక్కువ వేడెక్కుతాయి. కొన్న కెపాసిటర్‌ను పెట్టే ముందు విలువ, శ్రేణి నిరోధం, లీకేజి కొలిచాను. అంగడిలో ఏళ్లుగా అట్టపెట్టెలో ఉన్న సరుకు, పాత సరుకు మీద కొత్త తొడుగు వేసినది రెండూ దొరుకుతాయి కనుక కొలవకుండా పెట్టకూడదు. ఎమిటర్ తీగలను రెండింటినీ కొత్తగా సోల్డరు చేసి, 2ఎన్3055ల కింద ఎండి పొడిగా మారిన పేస్టు తుడిచి, కొత్త మైకా రేకులు, సిలికాన్ పేస్టు వేశాను. 741లను ముట్టుకోలేదు. అవి బాగున్నాయి.

పాట్‌ను మాత్రం మార్చి ఊరుకోవడం నాకు సరిపోలేదు. కొత్త పాట్ కూడా ఇదే ల్యాబులో, ఇదే 5 వోల్టుల వద్ద అరిగి, కొన్నేళ్లకు ఇదే విధంగా బోర్డులను కాలుస్తుంది. వదిలేసిన మూడో కాలిని వైపరుకు కలపడం ఒక సులువైన మందు. అప్పుడు వైపరు లేచినా నిరోధం 5 కిలో ఓములను దాటదు, అవుట్‌పుట్ 41కి బదులు 30 వద్ద ఆగుతుంది. 5 వోల్టుల బోర్డుకు 30 కూడా చావే. ఎస్‌సీఆర్‌తో అవుట్‌పుట్‌ను షార్టు చేసే క్రోబార్‌ను 33 వోల్టులకు పెట్టినా అదే మాట. అందుకని వైపరు తెగితే అవుట్‌పుట్ పైకి కాకుండా కిందికి పోయేలా అమరికనే మార్చాను.

పాట్ ఉన్న చోట ఒక శాతం ఖచ్చితత్వం గల 5 కిలో ఓముల, అర వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్‌ను స్థిరంగా కలిపాను. కొత్త పాట్ పై కొనను 6.2 వోల్టుల రిఫరెన్సుకు, కింది కొనను కామన్‌కు కలిపి, వైపరును వెరో బోర్డు ముక్క మీద అమర్చిన టీఎల్071 ఫాలోయరుకు (ఇన్‌పుట్ వోల్టేజినే అవుట్‌పుట్‌లో ఇచ్చే ఆప్ ఆంప్ అమరికకు) ఇచ్చాను. ఆ ఫాలోయరు అవుట్‌పుట్ ఇప్పుడు పాత 1.03 కిలో ఓముల దారి గుండా సమ్మింగ్ పాయింటును నడుపుతుంది. వైపరు నుంచి కామన్‌కు 220 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి ఉంది, ఈ సవరణకు ప్రాణం అదే. వైపరు లేచిన క్షణంలో అది ఫాలోయరు ఇన్‌పుట్‌ను సున్నాకు లాగుతుంది, అవుట్‌పుట్ సున్నాకు దిగుతుంది. ఇన్‌పుట్ బయాస్ కరెంటు (ఇన్‌పుట్ కాలి గుండా పోయే చిన్న కరెంటు) దాదాపు లేని టీఎల్071ను ఎంచుకోవడానికి కారణం, 220 కిలో ఓముల మీద 741 బయాస్ కరెంటు అనవసరమైన తప్పును కలుపుతుందన్నదే. పాట్ మధ్యలో ఉన్నప్పుడు ఆ రెసిస్టర్ వల్ల అర శాతం తేడా వస్తుంది. ముందు ప్యానెల్ మీద మీటరు ఉన్న సప్లైకి అది లెక్కలోది కాదు. పూర్తి స్కేలును లోపలున్న పాత ప్రీసెట్‌తోనే (స్క్రూడ్రైవరుతో సర్దే చిన్న పాట్) 30 వోల్టులకు సరిపెట్టాను.

దీనికి చెల్లించవలసిన మూల్యం కొంత ఉంది. ఇంతకు ముందు 5 వోల్టుల వద్ద ఫీడ్‌బ్యాక్ ఎక్కువగా ఉండేది, ఇప్పుడు అన్ని వోల్టేజిల వద్ద 30 వోల్టుల నాటి స్థాయిలోనే ఉంటుంది. అందువల్ల 5 వోల్టుల వద్ద లోడు 0.2 నుంచి 1.5 ఆంపియర్లకు ఒక్కసారిగా మారితే వచ్చే క్షణిక పతనం మునుపటికంటే కాస్త పెరిగింది. ఊగిసలాట ఏమీ లేదు. ఈ బేరం నాకు సమ్మతమే.

తిరిగి పరీక్షించినప్పుడు

12 వోల్టుల వద్ద నడుస్తుండగా వైపరు తీగను కావాలని ఊడదీశాను. అవుట్‌పుట్ 0.1 వోల్టుకు దిగువకు పడిపోయింది. పై కొన తీగను ఊడదీసినా అంతే. కింది కొన, అంటే కామన్ వైపు తీగ తెగితే మాత్రం అవుట్‌పుట్ 29 వోల్టులు దాటింది. ఈ ఒక్క దిశలో ప్రమాదం మిగిలే ఉంది. ఆ తీగను రెండుగా వేసి, విడివిడిగా సోల్డరు చేసి, కదలకుండా పాట్ ఒంటికి కట్టాను. స్థిరమైన 5 కిలో ఓముల రెసిస్టర్ తెగినా వోల్టేజి పెరుగుతుంది కానీ, అందులో కదిలే భాగం లేదు.

16 ఓముల లోడుతో 24 వోల్టులు ఇప్పుడు కదలకుండా నిలిచింది. 2 ఆంపియర్ల వద్ద ఎమిటర్ రెసిస్టర్ల మీద 0.23, 0.21 వోల్టులు వచ్చాయి, భారం దాదాపు సమంగా పంచుకున్నట్లు. ఆన్ చేసేటప్పుడు, ఆఫ్ చేసేటప్పుడు అవుట్‌పుట్ పెట్టిన విలువను దాటడం లేదని స్కోపులో చూశాను. కంట్రోలు వోల్టేజి ముందుగా చచ్చిపోయే సప్లైలలో ఆఫ్ చేసిన క్షణమే బోర్డు కాలుతుంది కనుక ఈ పరీక్షను ఎప్పుడూ వదలను. వేరియాక్‌తో (వోల్టేజి మార్చగల ట్రాన్స్‌ఫార్మర్) ఇన్‌పుట్‌ను 210 వోల్టులకు దించినప్పుడు 30 వోల్టులు, 2 ఆంపియర్లు కలిపి రాలేదు, రిపుల్ తొంగిచూసింది. అది ట్రాన్స్‌ఫార్మర్‌ను మొదట్లో లెక్కించిన తీరు, ఈ మరమ్మతుతో పోయేది కాదు. అందుకని 30 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్లకు మించి వాడవద్దని ప్యానెల్ మీద చీటీ అతికించాను.

కళాశాలలో ఇదే తయారీకి చెందిన సప్లైలు ఇంకా ఉన్నాయి, వాటి పాట్‌లకూ మూడో కాలు వదిలేసే ఉందని టెక్నీషియన్ మూత తీసి చూసి చెప్పారు. సెమిస్టరు సెలవుల్లో వాటికీ ఇదే సవరణ చేయాలని అనుకున్నాం. అంతవరకు డిజిటల్ ల్యాబు బల్లల మీద వాటిని వాడకుండా, 7805 అనే రెగ్యులేటర్ ఐసీతో కట్టిన స్థిరమైన 5 వోల్టుల సప్లైలను పెట్టమని రాసిచ్చాను.